పసుపు మరక పట్టిచ్చిన స్టార్ నోటు: ఒక పది రూపాయల కట్టపై కేస్ స్టడీ

పాత నోట్లు సేకరిస్తానని తెలిసినవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది ఒకటే: "ఏ బ్యాంకులో దొరుకుతాయండీ?" దానికి నేను ఎప్పుడూ ఎదురు ప్రశ్నే వేస్తాను. ఆ బ్రాంచిలో రోజూ డబ్బు కట్టేది ఎవరు? పెట్రోల్ బంకు వాళ్లా, కిరాణా హోల్‌సేల్ వాళ్లా, ఆర్టీసీ డిపోనా, దేవస్థానమా? కౌంటర్‌లో మనకు ఏం దొరుకుతుందో చాలావరకు దాన్నిబట్టే ఉంటుంది. ఈ కేసు చదివితే ఆ మాట ఎందుకన్నానో తెలుస్తుంది.

బ్రాంచి ఒక చిన్న ఊళ్లోది. ఊరికి పెద్ద ఆధారం అక్కడి గుడి. హుండీ లెక్కింపు అయిన రెండు మూడు రోజులకు ఆ నోట్లన్నీ ఈ బ్రాంచికే చేరతాయి. హుండీలో ఎక్కువగా పడేవి పది, ఇరవై నోట్లు. ఊళ్లో కొట్లవాళ్లకు చిల్లర కావాలి కాబట్టి వాటిలో బాగున్నవాటిని బ్రాంచి మళ్లీ కౌంటర్‌లోనే ఇచ్చేస్తుంది. బ్యాంకు భాషలో దీన్నే రీఇష్యూ అంటారు. నేను వెళ్లేది ఆ సమయానికే. నెల మొదటి వారంలో మాత్రం వెళ్లను. పెన్షన్ల క్యూలో నిలబడి "పాత నోట్లున్నాయా" అని అడిగితే క్యాషియర్‌కే కాదు, వెనకున్న పెద్దాయనకూ చిరాకొస్తుంది.

పది రూపాయల నోటే ఎందుకంటే, వంద, అంతకు మించిన నోట్లను యంత్రం మీద సరిచూసి, వేరుచేశాకే మళ్లీ కౌంటర్‌కో ఏటీఎంకో పంపాలని ఆర్బీఐ నియమం. ఆ యంత్రం దయాదాక్షిణ్యాలు చూపదు. కాస్త నలిగినా పక్కన పడేస్తుంది. అలా పక్కన పడ్డది కరెన్సీ చెస్ట్‌కి, అంటే ఆర్బీఐ తరఫున బ్యాంకులు నోట్లు నిల్వ ఉంచే ఖజానాకి పోతుంది, అక్కణ్నుంచి ముక్కలవడానికి పోతుంది. పది నోట్లను మాత్రం చాలా బ్రాంచిల్లో చేత్తోనే వేరుచేస్తారు. మనిషి చెయ్యి, మనిషి కన్ను, పైగా లంచ్ టైమ్ దగ్గరపడుతుంటుంది. పాతవి తప్పించుకునేది అక్కడే.

ఆ రోజు కౌంటర్‌లో ఉన్న మేడమ్ ముందే చెప్పేశారు: "కొత్త కట్టలు అడక్కండి సార్, పెళ్లిళ్ల సీజన్, ఒక్కటీ లేదు."

"పాతవే కావాలి మేడమ్. రీఇష్యూ పది రూపాయల కట్ట ఉంటే ఇవ్వండి."

ఆవిడ ఒకసారి నావైపు చూసి, ఏమీ అడక్కుండా కట్ట తీసి ఇచ్చారు. వెయ్యి రూపాయలు కట్టి తీసుకున్నాను. అక్కడే కూర్చుని నోట్లు తిరగేయడం నాకిష్టం ఉండదు. కౌంటర్ ముందు అది చూడ్డానికి బాగోదు, ఎవరైనా ఒక నోటు తగ్గిందంటే గొడవ. తీసుకునే ముందు యంత్రం మీద లెక్క వేయించుకుంటే చాలు. వెతుకులాట ఇంటి దగ్గరే.

కట్ట విప్పకముందు

కట్టకు చుట్టిన కాగితపు స్లిప్ తీసేముందు దాన్ని నిలబెట్టి పక్క అంచు చూడడం నాకు అలవాటు. 2018లో వచ్చిన చాక్లెట్ రంగు పది నోటు పొడవు 123 మిల్లీమీటర్లు. అంతకుముందున్న గాంధీ సిరీస్ పది నోటు, అదే వెనకవైపు ఖడ్గమృగం, ఏనుగు, పులి ఉన్నది, 137 మిల్లీమీటర్లు. వెడల్పు రెండింటికీ 63. అంటే ఎడమ అంచు కలిపి కడితే పాతవి కుడివైపు సెంటీమీటరున్నర దాకా బయటికి పొడుచుకొస్తాయి. ఒక్క నోటు కూడా విప్పకుండానే కట్టలో పాతవి ఏపాటి ఉన్నాయో, ఎక్కడ గుంపుగా ఉన్నాయో తెలిసిపోతుంది.

ఈ కట్టలో మధ్యకు కాస్త పైన పాత నోట్ల గుంపు ఒకటి కనిపించింది. అంచు మెత్తగా, దూదిలా కాకుండా గీత గీసినట్టు పదునుగా ఉంది. చేతులు మారిన నోటు అంచు అలా ఉండదు. ఎక్కడో చాలాకాలం కదలకుండా ఉండి, ఈమధ్యే బయటికొచ్చిన నోట్లన్నమాట.

స్లిప్ మీద బ్రాంచి ముద్ర, తేదీ, కట్ట కట్టిన వాళ్ల పొట్టి సంతకం ఉన్నాయి. చాలామంది స్లిప్‌ను చింపి చెత్తబుట్టలో వేస్తారు. నేను నోట్లతోపాటే దాస్తాను. ఈ కేసులో తర్వాత పనికొచ్చింది అదే.

నంబర్లు

గుంపులో ఏడు నోట్లున్నాయి. అన్నింటి మీదా అప్పటి ఆర్బీఐ గవర్నర్ వై.వి. రెడ్డి సంతకం, వెనక అడుగున అచ్చు సంవత్సరం 2006. నిలువుగా మధ్యలో అన్నింటికీ ఒకే చోట ఒక మడత. లెక్కింపులో కొన్ని తలకిందులై, ముందువెనకలై ఉన్నాయి. వరుసలో పేరిస్తే ఆరింటికి ఒకే ప్రిఫిక్స్ (నంబరుకు ముందుండే అంకెలు, అక్షరం), చివరి రెండంకెలు 45, 46, 48, 49, 51, 52. ఏడోదానికి ప్రిఫిక్స్ వేరు, నంబరు వేరు, రెండింటికీ మధ్య ఖాళీలో చిన్న నక్షత్రం గుర్తు.

స్టార్ నోటు గురించి తెలియనివాళ్ల కోసం క్లుప్తంగా చెప్తాను. 2006 ఆగస్టు దాకా ఆర్బీఐ కొత్త కట్టల్లో నోట్లన్నీ వరుస నంబర్లతోనే వచ్చేవి. ఆ తర్వాత, అచ్చులో పాడైన నోటు స్థానంలో నక్షత్రం గుర్తున్న వేరే నోటు పెట్టే పద్ధతి తెచ్చారు. మొదట పది, ఇరవై, యాభై నోట్లకే. కట్టలో వంద నోట్లే ఉంటాయి గాని వరుసలో ఉండవు. లోపల స్టార్ నోటు ఉందని పైన పట్టీ మీదే రాసి ఉంటుంది. ఇది దొంగనోటని వాట్సాప్‌లో పుకారు లేచినప్పుడు, 2023 జులైలో ఆర్బీఐ మళ్లీ వివరణ ఇవ్వాల్సొచ్చింది: స్టార్ నోటు మిగతా నోట్లలాగే చెల్లుతుందని.

2006 అంటే ఆ పద్ధతి మొదలైన ఏడాది. సేకరించేవాళ్లకు ఆ ఏడాది మీద మోజు. మామూలుగా ఇలాంటిది దొరికితే స్టార్ నోటు తీసి ఆల్బమ్‌లో పెట్టుకుని, మిగతావి కూరగాయల బండి దగ్గర ఖర్చు పెట్టేస్తారు. నేను ఆగింది 47 దగ్గర. వరుసలో 47 లేదు, 50 లేదు. స్టార్ ఈ రెండు ఖాళీల్లో ఒకదానిదై ఉండాలి, లేదా దానికీ వీటికీ సంబంధమే లేకపోవచ్చు. స్టార్ నోటు ఏ నంబరు స్థానంలో వచ్చిందో తేల్చే ఆధారం విడి నోటుకు ఎప్పుడూ ఉండదు. చుట్టుపక్కల నోట్లతో సహా దొరకడం చాలా అరుదు, ఎందుకంటే కొత్త కట్ట విప్పిన రోజే ఆ వరుస చెదిరిపోతుంది. దీన్ని తేల్చాలనిపించింది.

మరక

45 నంబరు నోటు మీద మడతకు కుడివైపున పసుపురంగు మరక ఉంది, బొటనవేలంత. అంచు నున్నగా లేదు, కిందివైపు చిన్న గాటులా లోపలికి నొక్కుకుపోయింది. 46 మీద అదే చోట అదే ఆకారం, కాస్త చిన్నది, గాటుతో సహా. 48 మీద కందిగింజంత చుక్క. 49 మీద కంటికేమీ కనిపించదు.

స్టార్ నోటు తిప్పి చూశాను. మరక ఉంది. 46 మీది మరక కన్నా చిన్నది, 48 మీది చుక్క కన్నా పెద్దది. గాటు ఆనవాలు లీలగా తెలుస్తోంది.

నోట్లను లైటు బల్ల మీద ఒకదానిమీద ఒకటి పేర్చి చూస్తే నాలుగు మరకలూ ఒకే మధ్యబిందువు మీద కూర్చున్నాయి. పైనుంచి కిందికి ఇంకుతూ, నోటు నోటుకీ తగ్గుతూ వచ్చిన ఒకే తడి. పసుపు అతినీలలోహిత కాంతిలో మెరుస్తుంది కాబట్టి యూవీ టార్చి కూడా వేశాను. 49 మీద కంటికి కనపడనిది అక్కడ కనిపించింది: అదే చోట, చిన్న లేత ఆకుపచ్చ మెరుపు. ఇంక అనుమానం లేదు. ఈ నోట్లు 45, 46, స్టార్, 48, 49 అన్న వరుసలోనే చాలాకాలం ఒకదాన్నొకటి అంటుకుని ఉన్నాయి. స్టార్ నోటు 47 స్థానంలో వచ్చింది.

పసుపు, మధ్యలో మడత, హుండీ. మూడూ కలిపితే మనవాళ్లెవరికైనా తట్టేది ముడుపే. పిల్లల చదువుకో, పెళ్లికో, ఒంట్లో బాగోక పోతేనో మొక్కుకుని, పసుపు గుడ్డలో డబ్బు మూటకట్టి దేవుడి గూట్లో పెడతారు. మొక్కు తీరాక వెళ్లి హుండీలో వేస్తారు. ఒక్కోసారి ఆ వెళ్లడానికి ఏళ్లు పడుతుంది. గుడ్డ తడి ఆరకుండా కట్టిన ముడుపులో పైనోటుకు ముందు పసుపు అంటుతుంది. ఇది నా ఊహే. ముడుపు ఎవరిదో, ఏ మొక్కో తెలియదు. బ్యాంకును అడగకూడదు, అడిగినా వాళ్లు చెప్పకూడదు. హుండీలో పడ్డాక వాళ్లకూ తెలియదనుకోండి.

ఆ ఊహ ఊరికే పోలేదు, దానితో ఒక లెక్క చిక్కింది. ముడుపుల్లో ఎక్కువగా కనిపించే మొత్తం నూట పదహార్లు. అంటే పదకొండు పది నోట్లు, ఆరు రూపాయల చిల్లర. వరుస 45తో మొదలైతే 55తో ముగియాలి. నా దగ్గరున్నవి ఏడు. ఇంకా నాలుగు: 50, 53, 54, 55.

మిగతా కట్టలు

మర్నాడు మళ్లీ వెళ్లి స్లిప్ చూపించాను. "మేడమ్, ఇదే తేదీ, ఇదే సంతకం ఉన్న పది రూపాయల కట్టలు ఇంకేమైనా ఉన్నాయా?" ఒక మనిషి ఒకసారి కూర్చుని కట్టిన కట్టలు సాధారణంగా ఒకే బండిల్‌లో పక్కపక్కనే ఉంటాయి. బండిల్ అంటే పది కట్టలు. కౌంటర్‌లో అప్పటికే మూడు పోయాయి, మిగిలినవి ఇచ్చారు. అంచు చూసుకుంటూ పోతే రెండు కట్టల్లో పదునైన పాత అంచులు దొరికాయి. ఒకదాంట్లో 50, ఇంకోదాంట్లో 53, 54 పక్కపక్కనే. మూడింటికీ మడత అదే చోట.

55 రాలేదు. అది ముడుపులో అన్నిటికన్నా లోపలిది, కాబట్టి అన్నిటికన్నా శుభ్రంగా, కొత్తగా ఉండి ఉంటుంది. పెళ్లిళ్ల సీజన్‌లో కొత్తలాంటి పది నోటు ఎవరి కంట పడినా చదివింపుల కవర్లోకి పోతుంది.

ఈ కట్టల్లో ఇంకొన్ని చిల్లర దొరుకులు కూడా ఉన్నాయి. వెనక సంవత్సరం లేని గాంధీ పది నోట్లు నాలుగైదు, వై.వి. రెడ్డికి ముందు ఆర్బీఐ గవర్నర్‌గా ఉన్న బిమల్ జలాన్ సంతకంతో. 2005కు ముందు అచ్చయిన నోట్లను బ్యాంకులు మళ్లీ బయటికి ఇవ్వకూడదని 2014లోనే ఆర్బీఐ చెప్పింది. చెల్లుబాటు మాత్రం తీసేయలేదు. చేత్తో వేరుచేసేటప్పుడు వెనక్కి తిప్పి సంవత్సరం చూసే ఓపిక ఎవరికుంటుంది, అందుకే ఇప్పటికీ జారిపోతుంటాయి. వాటిలో ఒకదానికి ఎడమవైపు రెండు పిన్ను రంధ్రాలున్నాయి. కట్టలకు స్టేపుల్ పిన్నులు కొట్టొద్దని, వాటర్‌మార్క్ ఖాళీ మీద ఏమీ రాయొద్దని 2001 నవంబరులో బ్యాంకులకు ఆర్బీఐ ఆదేశం వచ్చింది. అంతకుముందు నాటి నోటుకు రంధ్రాలు సహజం. సేకరించేవాళ్లు దాన్ని తప్పు పట్టరు. 2006 నోటుకు అలాంటి రంధ్రాలుంటే మాత్రం నేను ముఖం చిట్లిస్తాను.

శుభ్రం చేయకపోవడం

తోటి సేకర్త ఒకాయన ఫొటో చూడగానే మరక ఎలా తీయాలో సలహాలు మొదలుపెట్టారు. సబ్బునీళ్లు, ఎండ, ఇస్త్రీ. పసుపుకు సున్నం తగిలితే ఏమవుతుందో పారాణి కలిపిన ప్రతి ఇంట్లోనూ తెలుసు. సబ్బులోని క్షారం కూడా అంతే చేస్తుంది, పసుపు మరక కాస్తా ఎర్రగా తిరుగుతుంది. ఎండకు పసుపు వెలిసిపోతుంది, నిజమే, దాంతోపాటు అచ్చు రంగూ వెలుస్తుంది. ఇస్త్రీ చేస్తే మడత కనపడకుండా పోవచ్చుగాని, కాగితం సహజమైన గరుకు పోయి వేలితో తడిమినప్పుడే దొరికిపోతుంది. అన్నిటికీ మించి, ఇక్కడ ఆధారమే ఆ మరక. అది పోతే ఇది మామూలు 2006 స్టార్ నోటు.

పీవీసీ లేని పాలిస్టర్ కవర్లలో ఒక్కోటి విడిగా పెట్టాను. మెత్తటి, చవక ప్లాస్టిక్ కవర్లు కొన్నేళ్లకు జిగురు కక్కుతాయి, నోటు వాటికి అంటుకుపోతుంది. లామినేషన్ చేయించిన నోటు నా దగ్గరికి తెస్తే విలువ చెప్పడం మానేశాను. ఏం చెప్పినా బాధపడతారు.

విలువ మాట

ఈ పది నోట్లకు మార్కెట్లో ఏమొస్తుంది? స్టార్ నోటు శుభ్రంగా, మడత లేకుండా ఉంటే ముఖవిలువకు చాలా రెట్లు. మడత, మరకతో గ్రేడు బాగా పడిపోతుంది. వరుస నోట్లకు ముఖవిలువ మీద కొద్దిగా ఎక్కువ, అంతే. "పాత పది నోటుకు లక్షలు" అని యూట్యూబ్‌లో చూసి ఫోన్ చేసేవాళ్లకు నేను చెప్పేది కూడా ఇదే. వాళ్లలో కొందరు అప్పటికే ఎవరికో "రిజిస్ట్రేషన్ ఫీజు" కట్టేసి ఉంటారు. ఆర్బీఐ పేరు, లోగో వాడి పాత నోట్లు కొంటామని, అమ్మిపెడతామని కమీషన్లు, పన్నులు వసూలు చేస్తున్నారని 2021 ఆగస్టులో ఆర్బీఐయే హెచ్చరిక ఇచ్చింది. ఆ వ్యాపారంలో తానెప్పుడూ లేనని, తన పేరుతో వసూలు చేసే అధికారం ఎవరికీ ఇవ్వలేదని చెప్పింది. మీ నోటు కొనేవాడు మీకు డబ్బివ్వాలి. ముందుగా మీ దగ్గర అడిగాడంటే వాడు కొనడానికి రాలేదు.

హుండీ డబ్బు ప్రస్తావన వచ్చింది కాబట్టి ఒక చట్టం సంగతి కూడా. రద్దయిన పాత 500, 1000 నోట్లు హుండీల్లో ఇప్పటికీ పడుతున్నాయి, జనం దేవుడి మీద వదిలేస్తున్నారు. బ్యాంకులో అవి దొరకవు, కానీ వెతుకులాటలో పడ్డవాళ్లకు ఎవరో ఒకరు తెచ్చి ఇస్తుంటారు. 2017 నాటి చట్టం ప్రకారం అలాంటి నోట్లు ఎవరి దగ్గరైనా మొత్తం మీద పది మించి ఉండకూడదు. అధ్యయనం, పరిశోధన, నోట్ల సేకరణ కోసమైతే ఇరవై అయిదు దాకా. మించితే పది వేల రూపాయలు గాని, దొరికిన నోట్ల ముఖవిలువకు అయిదు రెట్లు గాని, ఏది ఎక్కువైతే అంత దాకా జరిమానా పడొచ్చు. "నేను నోట్లు సేకరిస్తాను" అని చెప్తే సరిపోతుందనుకుని కట్టలు దాచుకున్నవాళ్లను చూశాను. ఆ ధైర్యం నాకు లేదు.

ఏది ఉంచాను, ఏది ఇచ్చాను

45, 46, స్టార్, 48, 49 అయిదూ ఒక పేజీలో వరుసగా పెట్టాను. పక్కన కట్ట స్లిప్, మామూలు కాంతిలో ఒక ఫొటో, యూవీ కాంతిలో ఒకటి, ఎలా దొరికిందో రాసిన కాగితం. నోటు మీద పెన్సిలుతో కూడా ఏమీ రాయలేదు. స్టార్ ఒక్కటే ఇమ్మని ఒకరు మంచి ధరే అడిగారు. విడిగా ఇవ్వనన్నాను. అయిదూ కలిపితే వద్దన్నారు, మరకున్న మామూలు నోట్లు తన ఆల్బమ్‌కి అందం కాదట. వాళ్ల లెక్కలో అది సబబే.

50 నుంచి 54 దాకా ఉన్న అయిదింటిని నాలాగే వరుసలు సేకరించే మిత్రుడికిచ్చి, బదులుగా 2006 ఇరవై రూపాయల స్టార్ నోటు తీసుకున్నాను. అది పూర్తి కొత్తది, సేకరించేవాళ్ల భాషలో యూఎన్‌సీ. కట్టల్లో మిగిలిన పది రూపాయల నోట్లను ఆ బ్రాంచిలోనే తిరిగి కడితే వచ్చే నెల మళ్లీ అవే నా చేతికొస్తాయి. అందుకని సగం మా వీధి కిరాణా కొట్టాయన చిల్లరకి తీసుకున్నారు, మిగతావి వేరే బ్యాంకులో ఖాతాకి కట్టేశాను. జలాన్ సంతకం నోట్లలో రంధ్రాలున్నది ఉంచుకుని మిగతావి కొత్తగా సేకరణ మొదలుపెట్టిన మా మేనకోడలికిచ్చాను. వెనక సంవత్సరం ఎందుకు లేదో ముందు తనే కనుక్కుని చెప్పాలని షరతు పెట్టాను.